కత్తెర గొడుగైన విధంబు

మా సంరక్షణ కేంద్రంలో ఇటీవల జరిగిన కళాత్మక పరిశోధన వల్ల ఏ ఒక్కరికీ ఎలాంటి హానీ జరగలేదని ప్రజలందరికీ సవినయంగా తెలియజేస్తున్నాను. మేలు కూడా జరగలేదని కొందరు గిట్టనివాళ్ళు అంటున్నారు. మేలు చేస్తామని మేము ఎవరికీ మాట ఇవ్వలేదు. హాని జరగకుండా చూస్తామని మాత్రమే ఇచ్చాం. ఆ మాట మీద నిలబడ్డాం. ఈ రోజుల్లో అలా నిలబడేవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పనక్కర్లేదు.

నేను ఈ కేంద్రపు నైతిక విలువల పరిరక్షణ కమిటీకి కార్యదర్శిని. కమిటీలో మాట్లాడేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళు మాట్లాడినదాన్ని రాసేవాణ్ణి నేను. నేను రాసినదాన్ని వాళ్ళు చదవరు. అందువల్ల మా మధ్య ఇంతవరకు అభిప్రాయభేదాలు రాలేదు.

తుంటి ఎముక విరిగినవాళ్ళు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్ళు, ఆస్పత్రి ఇక చాలు పొమ్మన్నా ఇల్లు ఇంకా రమ్మనని వాళ్ళు మా దగ్గర ఉంటారు. పొడుగాటి హాలు, రెండు వరుసల మంచాలు, మంచానికీ మంచానికీ మధ్య ఆకుపచ్చ తెర. పొద్దున ఫినాయిల్ వాసన, మధ్యాహ్నం ఉడికించిన కూరల వాసన. గోడ మీద ఒక టీవీ ఉంది. దాని రిమోట్ ఎవరి దిండు కింద ఉందన్నదే ఇక్కడి రాజకీయం. మిగతా లోకంలో ఉండే రాజకీయం కంటే ఇది కొంత మర్యాదగానే ఉంటుంది.

అలాంటి చోటికి ఒకనాడు బొమ్మల డాక్టరమ్మ వచ్చింది. ఆమె కళల్లో డాక్టరు. ఆ సంగతి తెలియక మొదటి రోజు అందరూ ఆమెకు మోకాళ్ళు చూపించారు. ఆమె ఒక్కొక్క మోకాలినీ శ్రద్ధగా చూసి, "ఈ నొప్పి మీకు ఏ రంగులో కనిపిస్తోంది?" అని అడిగింది. మందు రాయకుండా, గడియారం చూడకుండా అంతసేపు మాట్లాడిన డాక్టరును మావాళ్ళు ఎన్నడూ ఎరగరు. సాయంత్రానికి ఆమెకు హస్తవాసి మంచిదని పేరు వచ్చేసింది.

ఆమె పరిశోధన శీర్షిక "దీర్ఘకాలిక సంరక్షణలో ఉన్నవారి అంతరంగ ఆవిష్కరణకు కళామాధ్యమాల వినియోగం: ఒక భాగస్వామ్య పరిశీలన". శీర్షిక వినగానే కమిటీ సగం అనుమతి ఇచ్చేసింది. అర్థంకాని పేరు పెట్టుకున్న పని అనైతికంగా ఉండదని మా అధ్యక్షుల వారి అనుభవం. ఆమె సిద్ధాంతం కూడా గొప్పదే. మనిషిని మాటల్లో "ఎలా ఉన్నావు?" అని అడిగితే "బాగానే ఉన్నాను" అంటాడట. అదే బంకమట్టి చేతికిచ్చి అడిగితే దాచుకోలేడట. ఒక మాజీ బస్సు డ్రైవరు చేతికి రంగు పెన్సిలు ఇస్తే ఆయన గుండ్రంగా చక్రం గీశాడు. జీవితంలోని శూన్యమని డాక్టరమ్మ రాసుకుంది. "స్టీరింగమ్మా అది!" అన్నాడాయన. శూన్యాన్ని అంగీకరించలేని స్థితి అని ఆమె పక్కనే చేర్చింది. ఆ తర్వాత ఆయన ఆమె ముందు ఏమీ గీయలేదు. అది కూడా రాసుకుంది.

బొమ్మలయ్యాక నాటకం. హాల్లో ఉన్నవాళ్ళలో ఒకరి జీవితంలోంచి ఒక ఘట్టం తీసుకుని, బయటి నుంచి నటులను రప్పించి, హాల్లోనే అందరి ముందూ ఆడించాలని ఆమె సంకల్పం. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

మా హాల్లో కిటికీ పక్క మంచం పెద్ద టైలరమ్మది. తలుపు పక్క మంచం చిన్న టైలరమ్మది. ఇద్దరూ తోడబుట్టినవాళ్ళు. ఒకప్పుడు ఒకే కొట్లో రెండు కుట్టుమిషన్లు ఎదురెదురుగా వేసుకుని ఊరందరికీ బట్టలు కుట్టారు. అక్క కత్తిరించేది, చెల్లెలు కుట్టేది. అక్కకు ఇత్తడి పిడి కత్తెర ఒకటి ఉండేది. అది ఆమెకు పంచప్రాణాలు. దాంతో గుడ్డ తప్ప మరొకటి కోయడానికి వీల్లేదు. కుట్టుపని తెలిసిన ఏ ఇంట్లోనైనా పిల్లలకు ముందు నేర్పేది ఇదే, గుడ్డ కత్తెరతో కాగితం కోయకూడదని. కోస్తే పదును పోతుంది. ఆ తర్వాత అది గుడ్డను కోయదు, నములుతుంది.

ఒకరోజు ఆ కత్తెర ఎవరిదో ఖరీదైన పట్టుగుడ్డను నమిలింది. కొట్లో ఉండేది ఇద్దరే. తాను కాగితం కోయలేదని అక్కకు తెలుసు. "నువ్వే" అంది. "నేను కాదు" అంది చెల్లెలు. "మరెవరు?" అంది అక్క. చెల్లెలు నోరు విప్పలేదు. అక్క ఆ కత్తెరను వీధిలోకి విసిరేసి, తన మిషను వేరే వీధికి మార్చేసింది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

కోసింది బావగారు. అంటే పెద్ద టైలరమ్మ భర్త. పేపర్లో వచ్చే గళ్ళనుడికట్టును కత్తిరించి దాచుకోవడం ఆయన అలవాటు. పూర్తి చేసే అలవాటు మాత్రం లేదు. కత్తిరిస్తూ మరదలి కంట పడ్డాడు. "తల్లీ, నీకు దణ్ణం పెడతాను, మీ అక్కకు చెప్పకు. చెప్పావంటే నన్ను బతకనివ్వదు" అన్నాడు. చెప్పనని ఆమె మాట ఇచ్చింది. ఆయన బతికున్నంత కాలం ఆ మాట తప్పలేదు. ఆయన చాలా కాలం బతికాడు.

ఆయన పోయాక చెబుదామంటే వినే చెవులు లేవు. పెద్ద టైలరమ్మకు వినికిడి తగ్గి చెవి మిషను వచ్చింది. చెల్లెలు నోరు తెరవడం కనిపిస్తే చాలు, ఆమె మిషను తీసి చిన్న డబ్బాలో పెట్టి మూత వేస్తుంది. ఆయా వెళ్ళి "మీ చెల్లెలు..." అని మొదలుపెట్టినా మూత పడుతుంది. చీటీ రాయించి పంపితే చదవకుండా మడిచి కాఫీ గ్లాసు కింద పెట్టుకుంటుంది. ఒకరు తుంటి విరగ్గొట్టుకుని, ఇంకొకరు కుడిచెయ్యి పడిపోయి, చివరికి ఒకే హాల్లోకి రావడం దైవ సంకల్పమని ఆయా అంటుంది. ఆ రోజుకు ఆ రెండు మంచాలే ఖాళీ అని రిజిస్టరు అంటుంది.

డాక్టరమ్మ కథలు అడుగుతోందని తెలియగానే చిన్న టైలరమ్మ ఆమెను పిలిపించింది.

"అమ్మా, మనిషి చెబితే మా అక్క వినదు. నాటకమంటే మాత్రం చెవి కోసుకుంటుంది. నాటకమైనంతసేపు ఆ మిషను తియ్యదు. నా సంగతి ఆ నాటకంలో పెట్టమ్మా. కత్తెర పాడుచేసింది నేను కాదు, బావ. ఆ ఒక్క ముక్క దాని చెవిన పడితే చాలు. ఆ తర్వాత తిడుతుందో కొడుతుందో దానిష్టం. నాతో మాట్లాడితే చాలు నాకు."

నాటకం మర్నాడే పెద్ద టైలరమ్మను కూతురు వచ్చి తన ఊరికి తీసుకుపోతుంది. అది బాగా దూరం. ఇద్దరివీ మళ్ళీ ఒక చోట కలిసే వయసులు కావు. ఈ విషయం చిన్న టైలరమ్మ చెప్పలేదు గానీ హాల్లో అందరికీ తెలుసు. డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుని, ఇంత విలువైన సమాచారం తన వృత్తి జీవితంలో ఎన్నడూ దొరకలేదని చెప్పి, కథను కమిటీ ముందు పెట్టింది.

ముందుగా చిన్న టైలరమ్మ అంగీకారం తీసుకున్నాం. ఆమె అంగీకరించింది. ఆలోచించుకోవడానికి వ్యవధి ఇచ్చి మళ్ళీ అడిగాం. అంగీకరించింది. ఎవరి ఒత్తిడీ లేదని రూఢి చేసుకోవడానికి, అంగీకరించకపోయినా ఎవరూ ఏమీ అనుకోరని కొంచెం గట్టిగా చెప్పి ఇంకోసారి అడిగాం. "మీకేమైనా ఇష్టం లేదా బాబూ?" అని ఆమె మమ్మల్నే అడిగింది.

కమిటీ సమావేశమైంది. అధ్యక్షుల వారు, లాయరు గారు, ప్రజాప్రతినిధి హాజరయ్యారు. సామాన్య ప్రజల గొంతు వినిపించడానికి ఒక మామూలు మనిషి ఉండాలని నియమం ఉంది గనుక అధ్యక్షుల వారు ప్రజాప్రతినిధిగా తమ బావమరిదినే తీసుకున్నారు. ఆయన మామూలు మనిషి అని అధ్యక్షుల వారి భార్య కూడా ఒప్పుకుంటుంది. అధ్యక్షుల వారు గొంతు సవరించుకున్నారు.

"మిత్రులారా! ఒక వృద్ధురాలు తన గుండె తీసి మన చేతుల్లో పెట్టింది. ఎంత గొప్ప నమ్మకం! ఆ గుండె ఎవరిదో ఈ భూమ్మీద ఎవరికీ తెలియకుండా చూడటమే ఇక మన కర్తవ్యం."

బల్లలు చరిచారు. నేను కూడా చరిచాను.

మొదటి అభ్యంతరం లాయరు గారిది. "కథలో ఒక అక్క ఉంది. హాల్లోనూ ఒక అక్క ఉంది. నాటకంలోని అక్కను చూసి హాల్లోని అక్క, ఆ అక్క తానేనని అనుకునే ప్రమాదం ఉంది" అన్నారు. "అనుకోవాలనే కదా సార్ ఆవిడ అడుగుతున్నది" అంది డాక్టరమ్మ. "ప్రమాదాన్ని కోరి తెచ్చుకునేవాళ్ళను కాపాడటానికే అమ్మా కమిటీ ఉన్నది" అన్నారు అధ్యక్షుల వారు. అక్కాచెల్లెళ్ళు ఇద్దరు మామయ్యలయ్యారు. వాళ్ళిద్దరికీ చుట్టరికం ఉండకూడదని కూడా తీర్మానించాం.

తర్వాత వృత్తి. కుట్టుపని ఉంటే ఇట్టే పోల్చుకుంటారని ప్రజాప్రతినిధి అన్నారు. "పడవ నడిపేవాళ్ళను చేసెయ్యండి. ఈ చుట్టుపక్కల ఎక్కడా నది లేదు" అన్నారు. సామాన్యుడి సూక్ష్మబుద్ధిని అందరూ మెచ్చుకున్నారు.

కత్తెర దగ్గర చర్చ వేడెక్కింది. కత్తెర పదునైన వస్తువు. దాని ప్రస్తావన హాల్లోని వారికి ఆందోళన కలిగించవచ్చు. "పదును పోయిందనే కదా సార్ కథంతా" అంది డాక్టరమ్మ. "పదును పోయిందన్నది ఒక పక్షం వాదన, విచారణ జరగలేదు" అన్నారు లాయరు గారు. ఈ సందర్భంలోనే ఒక దిగ్భ్రాంతికరమైన విషయం బయటపడింది. అక్క వీధిలోకి విసిరేసిన ఆ కత్తెరను చెల్లెలు ఏరుకుని, సాన పట్టించి, ఇన్నేళ్ళుగా పాత గుడ్డలో చుట్టి సంచిలో దాచుకుందట. అక్క మాట్లాడిన రోజున చేతికిద్దామని. కమిటీ తక్షణం ఆ కత్తెరను పరిశోధన సామగ్రిగా ప్రకటించి బీరువాలో పెట్టి తాళం వేసింది. పరిశోధన ముగిశాక కూడా సామగ్రిని కొన్నేళ్ళు భద్రపరచాలి. నాటకంలో కత్తెర బదులు గొడుగు పెట్టాలని నిర్ణయమైంది. చిరిగిన గొడుగు ఎవరినీ గాయపరచదు.

ఇక బావగారు. ఆయన మీద నింద ఉంది. నింద ఉన్నప్పుడు ఆయన అంగీకారం ఉండాలి. ఆయన చనిపోయారు. చనిపోయినవారి అంగీకారం తీసుకునే పద్ధతి మా కేంద్రంలో ఇంకా అమల్లోకి రాలేదు. కాబట్టి ఆయన్ను తొలగించాం. తొలగిస్తే గొడుగు చించిందెవరు? ఎలుక అని డాక్టరమ్మ ప్రతిపాదించింది. అందరూ ఊపిరి పీల్చుకునేలోపు లాయరు గారు వేలు ఎత్తారు. ఎలుక ప్రాణి. ప్రాణులకు సంబంధించిన నైతిక కమిటీ వేరే ఉంది. అది ఎప్పుడు సమావేశమవుతుందో ఎలుకలకే తెలియాలి. చివరికి గాలి అని ఖాయం చేశాం. గాలికి వారసులెవరూ లేరని లాయరు గారు ధ్రువీకరించారు.

"ఇన్ని మార్పులు చేశాం, కథ ఆత్మకు భంగం కలగలేదు కదా?" అని అధ్యక్షుల వారు ఆందోళనగా అడిగారు. డాక్టరమ్మకు గడువు దగ్గర పడుతోంది. "ఆత్మ అలాగే ఉంది సార్, మనుషులే మారారు" అంది.

రహస్యం పొక్కకుండా అందరిచేతా గోప్యత ప్రమాణం చేయించాం. ప్రమాణం చేసేవారికి దేన్ని గురించి చేస్తున్నారో చెప్పడం ధర్మం కనుక, మొత్తం విషయం వివరించాం. ఆయాకు చెప్పాం. కాపలావాడికి, వంటమనిషికి, హాల్లోని రోగులందరికీ చెప్పాం. అలా చిన్న టైలరమ్మ రహస్యం పెద్ద టైలరమ్మకు తప్ప అందరికీ తెలిసింది. పెద్ద టైలరమ్మ ప్రమాణం చేయలేదు గనుక ఆమెకు చెప్పడానికి వీల్లేదు.

నాటకానికి ముందు డాక్టరమ్మ చిన్న టైలరమ్మను రిహార్సలుకు పిలిచింది. ఆమె చేతికర్ర పట్టుకుని వచ్చి, కుర్చీలో కూర్చుని, మొదటినుంచి చివరిదాకా చూసింది.

"మా అక్క ఎక్కడుందమ్మా ఇందులో?"

"ఆ మీసాలాయన."

"నేనో?"

"ఆ గొడుగు పట్టుకున్నాయన."

"మరి మా బావ?"

డాక్టరమ్మ వేదిక మూల తిరుగుతున్న టేబుల్ ఫ్యాను వైపు చూపించింది.

చిన్న టైలరమ్మ చాలాసేపు ఆ ఫ్యాను వైపే చూసింది. "బతికున్నప్పుడు ఇంత చురుగ్గా ఉండేవాడు కాదు" అంది. ఏ క్షణంలోనైనా పరిశోధన నుంచి తప్పుకునే హక్కు ఆమెకు ఉందని డాక్టరమ్మ గుర్తుచేసింది. "తప్పుకునే హక్కు సరేనమ్మా, చెప్పుకునే హక్కు లేదా?" అని అడిగింది ముసలామె. అది దరఖాస్తులో లేదు. అయినా ఆమె ఆశ వదులుకోలేదు. ఆయా చెయ్యి పట్టుకుని మంచం దగ్గరికి వెళ్తూ, "మా అక్క మామూలుది కాదు. వీధిలో పోయే మనిషిని చూసి కొలతలు చెప్పేది. మీసాలు పెడితే మాత్రం మమ్మల్ని పోల్చుకోదా?" అంది. ఆయా ఏమీ అనలేదు. ఆమె ప్రమాణం చేసింది.

నాటకం రోజు వచ్చింది. మంచాలు గోడకు జరిపి కుర్చీలు వేశారు. ప్రేక్షకుల క్షేమం కోసం కమిటీ కన్నీటి నిర్వహణ విధానాన్ని ప్రవేశపెట్టింది. కంట్లో నీళ్ళు తిరిగితే మొదటి దశ, కాగితపు రుమాలు ఇవ్వాలి. చెంప మీదికి జారితే రెండో దశ, మంచినీళ్ళు ఇవ్వాలి. వెక్కి ఏడిస్తే మూడో దశ, హాలు బయటికి తీసుకుపోవాలి. ఏడవడానికి తగినంత కారణం ఉందా లేదా అన్నది ఈ విధానం పరిధిలోకి రాదు.

పెద్ద టైలరమ్మ ముందు వరుసలో కూర్చుంది. తల దువ్వించుకుని, చెవి మిషనుకు కొత్త బ్యాటరీ వేయించుకుంది. వెనక, తలుపు దగ్గర, చిన్న టైలరమ్మ. ఆమె నాటకం చూడటం లేదు. అక్క వీపు చూస్తోంది. నిజం చెప్పాలంటే హాల్లో అందరూ అదే చూస్తున్నారు. నటులు నదీ తీరం అని చెప్పుకుని తుడిచిన గచ్చు మీద పడవ నడిపారు. గొడుగు చిరిగింది. మీసాల మామయ్య నింద వేశాడు. గొడుగు మామయ్య నోరు విప్పలేదు. ఏళ్ళు గడిచాయి, అంటే లైట్లు ఆర్పి మళ్ళీ వెలిగించారు. చివరి అంకంలో గొడుగు మామయ్య మోకాళ్ళ మీద కూలబడి చేతులు చాచాడు.

"మిత్రమా! నీ గొడుగు చించింది నేను కాదు. గాలి! ఆ గాలికి ఇచ్చిన మాట కోసం ఇన్నేళ్ళూ నోరు కుట్టేసుకున్నాను!"

ఫ్యాను పూర్తి వేగంతో తిరిగింది. ముందు వరుసలో ఉన్న అధ్యక్షుల వారి కాగితాలు ఎగిరిపోయాయి. హాలంతా రెండో దశకు చేరుకుంది. మంచినీళ్ళు చాల్లేదు.

పెద్ద టైలరమ్మ కూడా ఏడ్చింది. ముక్కు చీదుకుని, పక్కనున్న ఆయా భుజం పట్టుకుని కుదిపేసింది.

"చూశావుటే? ఎంత మంచోడే ఆ గొడుగు మామయ్య! చెయ్యని తప్పుకి ఎన్నేళ్ళు మాటపడ్డాడు! ఆ మీసాలోడికి కళ్ళు పోయాయా? ఒక్కసారి కూర్చోబెట్టి, ఏరా ఏం జరిగిందిరా అని అడిగితే వీడి సొమ్మేం పోయింది?"

ఆ మాట తలుపు దాకా వినిపించింది. చిన్న టైలరమ్మ చేతికర్ర కూడా పట్టుకోకుండా లేచి నిలబడింది. "అక్కా! ఆ మామయ్యని నేనేనే! ఆ గాలి మన బావే!" అని అరిచింది.

పెద్ద టైలరమ్మ తల తిప్పి చూసింది. చెల్లెలు నోరు తెరిచి ఉంది. ఇన్నేళ్ళ అలవాటు కదా, చెయ్యి దానంతటదే చెవి దగ్గరికి పోయింది. మిషను డబ్బాలో పడింది. మూత పడింది.

బస్సు డ్రైవరు కుర్చీలోంచి లేచాడు. డాక్టరమ్మ పెదవుల మీద వేలు పెట్టి ప్రమాణం గుర్తుచేసింది. ఆయన కూర్చున్నాడు. చిన్న టైలరమ్మ మూడో దశకు చేరుకోవడంతో నియమం ప్రకారం వరండాలోకి తీసుకుపోయి, రంగు పెన్సిళ్ళు ఇచ్చి, మనసులో ఉన్నది స్వేచ్ఛగా గీయమన్నాం. ఎడమ చేత్తో వంకరటింకరగా కత్తెర గీసింది. పదునైన వస్తువు కావడంతో ఆ బొమ్మను కూడా అదే బీరువాలో పెట్టాం.

మర్నాడు పొద్దున కూతురు కారు తెచ్చింది. పెద్ద టైలరమ్మను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి ఆయా తోసుకొస్తోంది. తలుపు దగ్గరికి రాగానే చిన్న టైలరమ్మ తెలివైన పని చేసింది. పెదవులు గట్టిగా బిగించి, మాట్లాడే ఉద్దేశం లేదన్నట్టు మెల్లగా ఎడమ చెయ్యి చాచింది. మిషను చెవిలోనే ఉంది. పెద్ద టైలరమ్మ కుర్చీ ఆపమంది. చెల్లెల్ని తేరిపార చూసింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

"ఇదిగో, దీనికి చెప్పవే" అంది పెద్ద టైలరమ్మ ఆయాతో. "రాత్రి ఆ గొడుగు మామయ్యని చూసి బుద్ధి తెచ్చుకోమను. చేసినా చెయ్యకపోయినా, మనిషన్నాక ఒక్కసారి నోరు విప్పి చెప్పాలి. చెబితే నేను మాత్రం విననా?"

చిన్న టైలరమ్మ నోరు విప్పింది.

మూత పడింది. కుర్చీ కదిలింది. ఆయా వెక్కిళ్ళు ఆపుకుంటూ తోసుకుపోయింది. నేను కూడా రెండో దశకు చేరుకున్నాను. కమిటీ సిబ్బంది కన్నీటి నిర్వహణ విధానం కిందికి రారు కాబట్టి మంచినీళ్ళు నేనే వెళ్ళి తెచ్చుకున్నాను. బీరువా తాళంచెవి నా జేబులోనే ఉంది. దాన్ని తాకి చూసుకున్నాను కూడా. కానీ సామగ్రిని కదిలించాలంటే ముగ్గురు సభ్యుల సంతకాలు కావాలి, వాళ్ళు ఆ రోజు రాలేదు.

ఆ మధ్యాహ్నం చిన్న టైలరమ్మ నన్ను పిలిచి ఫిర్యాదు రాసుకోమంది. ఒక్క వాక్యమే చెప్పింది. "ఇంత చేసి, తోడబుట్టింది నన్ను గుర్తుపట్టలేదు." దాన్ని యథాతథంగా కమిటీ ముందు పెట్టాను. చదవడం పూర్తి కాగానే అధ్యక్షుల వారు కుర్చీలోంచి లేచి డాక్టరమ్మతో కరచాలనం చేశారు.

ఆ పరిశోధనకు ఆ ఏటి ఉత్తమ నైతిక ప్రమాణాల పురస్కారం వచ్చింది. సన్మాన సభ ఘనంగా జరిగింది. శాలువా భుజాన వేసుకుని అధ్యక్షుల వారు చేసిన ప్రసంగాన్ని ఇక్కడ ఉదహరించడం నా అదృష్టం.

"గోప్యత, గోప్యత అని అందరూ అంటారు. సాధించినవారు ఎవరు? అదే హాల్లో, అదే కప్పు కింద, రక్తం పంచుకు పుట్టిన మనిషి ఎదురుగా కూర్చుని, కన్నీళ్ళు కార్చి కూడా గుర్తుపట్టలేకపోయింది! లోకంలో ఏ దేశమైనా ఇంతకు మించి చేయగలదా? ఇది నా మాట కాదు. స్వయంగా ఆ భాగస్వామి రాసి ఇచ్చిన ప్రశంస!"

చప్పట్లు ఆగలేదు. ఆ భాగస్వామిని సభకు పిలవలేదు. పిలిస్తే ఎవరైనా గుర్తుపడతారు. ఆమె తలుపు పక్క మంచం మీదే ఉంది. పెద్ద టైలరమ్మ మంచంలోకి వేరే రోగి వచ్చింది. చిన్న టైలరమ్మ ఆమెతో మాట్లాడుతుంది. పొద్దస్తమానం కత్తెర గురించే మాట్లాడుతుందని ఫిర్యాదు వచ్చింది. దాని మీద కమిటీ పరిశీలన జరుగుతోంది.

చివరగా ఒక మాట. మీరు చదువుతున్న ఈ కథ కూడా కమిటీ అనుమతి పొందినదే. నియమం ప్రకారం ఇందులో అందరి వివరాలూ మార్చేశాం. వాళ్ళు అక్కాచెల్లెళ్ళు కాకపోవచ్చు. అన్నదమ్ములు కావచ్చు, తండ్రీకొడుకులు కావచ్చు, ఒకప్పుడు ఒకే కంచంలో తిన్న స్నేహితులు కావచ్చు. అది కత్తెర కూడా కాకపోవచ్చు. అచ్చుకు పంపేముందు కొందరు పాఠకులను కూర్చోబెట్టి చదివి వినిపించాం. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. ఇది ఎవరి కథ అనిపిస్తోందని అడిగాం. ఒకావిడ తన తోడికోడలి కథ అంది. ఒకాయన తన బావమరిది కథ అన్నాడు. ఇంకొకాయన పక్కింటివాళ్ళ పేరు కూడా చెప్పబోతే ఆపాల్సి వచ్చింది. తన కథ అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. గుర్తుపట్టే ప్రమాదం బొత్తిగా లేదని అధ్యక్షుల వారు అక్కడికక్కడే సంతకం పెట్టారు.

కాబట్టి మీరూ నిశ్చింతగా ఉండండి. ఎవరికీ ఫోన్ చెయ్యనక్కర్లేదు.